ఎరుక ఉన్నవాడే పెద్ద: వసిష్ఠ గోదావరి ఒడ్డున ఒక సంక్రాంతి మాట



సంక్రాంతి దగ్గర పడుతోందంటే హైదరాబాద్, బెంగళూరు, విశాఖల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతారు. "గురువుగారూ, ఈసారి పండక్కి ఫ్రెండ్స్ అందరం దిండి వెళ్తున్నాం. రిసార్ట్ బుక్ చేశాం. రాత్రికి కొంచెం మందు ఉంటుంది. తాగితే పాపమా?" ఇలా అడిగేవాళ్లేమీ భక్తి లేనివాళ్లు కాదండీ. మర్నాడు పొద్దున్నే అంతర్వేది దర్శనం కూడా పెట్టుకున్నవాళ్లే.

నాన్చకుండా నా సమాధానం ముందే చెప్పేస్తాను. తాగవద్దు. మన ధర్మశాస్త్రాలు సురాపానాన్ని పంచమహాపాతకాల్లో ఒకటిగా లెక్కపెట్టాయి. పండగపూట, పితృదేవతలను తలుచుకునే రోజున అసలే వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

కానీ ఇక్కడితో ఆపేస్తే చెప్పే నాకు సులువు, వినే మీకు ఉపయోగం తక్కువ. ఎందుకంటే నేను వద్దన్నా ఆ రాత్రి మీ గ్రూపులో ఎవరో ఒకరు తాగుతారు. పన్నెండు దాటాక ఎవరో ఒకరు "పదండ్రా, చించినాడ వంతెన మీదకెళ్లి ఫోటోలు దిగుదాం" అంటారు. ఆ క్షణంలో తాగనివాడి ధర్మం ఏమిటి? తక్కువ తాగినవాడి ధర్మం ఏమిటి? ఈరోజు మనం మాట్లాడుకోవాల్సింది దాని గురించి.

ఆ నదికి ఎవరి పేరు?

దిండి అనగానే కొబ్బరితోటలు, హౌస్‌బోట్లు, సాయంత్రం సూర్యాస్తమయం గుర్తొస్తాయి. పక్కన పారే నది పేరేంటి అంటే "గోదావరే కదండీ" అంటారు. గోదావరే. కానీ ఏ గోదావరి? ధవళేశ్వరం దిగువన గోదారమ్మ పాయలుగా చీలుతుంది. సప్తగోదావరులని, వాటికి సప్తర్షుల పేర్లని మన పెద్దలు చెబుతారు. దిండి పక్కన పారే పాయ వసిష్ఠ. ఈ ఒడ్డున దిండి, ఆ ఒడ్డున చించినాడ. రెండిటినీ కలుపుతూ వంతెన మీదుగా 216వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది. అదే పాయ ఇంకా దిగువకి వెళ్లి, అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి సన్నిధి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ వసిష్ఠ మహర్షే ఋగ్వేదం ఏడో మండలానికి ద్రష్ట. అందులో 86వ సూక్తం వరుణదేవుణ్ణి ఉద్దేశించినది. వరుణుడంటే ఎవరు? నీటికి అధిపతి, మన తప్పొప్పులు చూసేవాడు. మహర్షి ఆయన ముందు నిలబడి, "స్వామీ, నావల్ల జరిగిన అపరాధం ఏమిటి? నీకు మళ్లీ ఎలా దగ్గరవ్వాలి?" అనే ఆవేదనతో మాట్లాడతాడు. అంతటివాడు అలా అడిగాడంటే మనమెంతండీ!

ఆ సూక్తంలోనే, మనిషి తెలిసి కోరుకోకపోయినా తప్పులోకి ఏ దారిన జారిపోతాడో చెబుతూ నాలుగు పేర్లు వస్తాయి. సుర, అంటే మద్యం. మన్యువు, అంటే కోపం. విభీదకం, అంటే పాచికలు, జూదం. అచిత్తి, అంటే ఎరుక లేకపోవడం, పరధ్యానం.

ఇప్పుడు కోనసీమలో సంక్రాంతి మూడు రోజులూ ఒక్కసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. ఒక పక్క మందు. ఒక పక్క కోడిపందేల బరులు, వాటి పక్కనే గుండాట. కోళ్లకు కత్తులు కట్టి పందెం వేయడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఒప్పుకోదు. అయినా బరులు లేస్తూనే ఉన్నాయి. పందెం పోయినవాడికి కోపం. కోపం వచ్చినవాడు బండి తీస్తే రోడ్డు మీద ఎరుక ఉండదు. మహర్షి చెప్పిన నాలుగూ ఆయన పేరున్న నది ఒడ్డునే, ఒకే రోజున, ఒకే మైదానంలో మనకి దొరుకుతాయి.

ఇంకో సంగతి గమనించండి. ఆ నాలుగూ విడివిడిగా రావు. ఒకటి వస్తే తలుపు తెరిచి మిగతా మూడింటినీ లోపలికి పిలుస్తుంది. అన్నిటికంటే సులువుగా తలుపు తీసేది మందు. ఎందుకంటే అది మొట్టమొదట పట్టుకెళ్లేది ఎరుకనే.

"మరి సోమరసం సంగతేంటి?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. "దేవతలు సోమరసం తాగారు కదా గురువుగారూ" అంటారు. సోమం వేరు, సుర వేరు.  శతపథ బ్రాహ్మణం సోమాన్ని సత్యంతోను, వెలుగుతోను పోల్చింది. సురని అసత్యంతోను, చీకటితోను పోల్చింది. కాబట్టి మన సీసాకి సోమం అని పేరు పెట్టుకోవడం కుదరదు.

"కాలభైరవుడికి నైవేద్యం పెడతారు కదా, ఊళ్లో అమ్మవారికి సాక పోస్తారు కదా" అని ఇంకొందరు. పెడతారు. ఆ గుడికి ఆ సంప్రదాయం ఉంది, దానికో నియమం ఉంది, చేసేవాళ్లు నియమంగా చేస్తారు. ఆ పేరు చెప్పి రిసార్ట్ గదిలో మూడో పెగ్గు పోసుకోవడం నైవేద్యం అవుతుందా? మీరే చెప్పండి.

మూడో మాట కోనసీమలోనే వినిపిస్తుంది. "కల్లు అయితే ఏం కాదండీ, చెట్టు నుంచి దించిందే కదా!" తెల్లవారుజామున దించిన నీరా వేరు. ఎండ ఎక్కేకొద్దీ అది పులుస్తూనే ఉంటుంది. సీసా మీద రాసినట్టు కుండ మీద ఎంత శాతమో రాసి ఉండదు. ఎంత ఎక్కుతుందో తాగేవాడికీ తెలియదు, పోసేవాడికీ తెలియదు. చెట్టుది కాబట్టి చెరుపు చేయదని నమ్మకండి.

తీర్థయాత్రలోనే జరిగింది

మహాభారతంలో మౌసలపర్వం చాలామంది చదవరు. ఇంట్లో చదవకూడదని కూడా కొందరంటారు. కానీ మన కుర్రాళ్లకి చెప్పాల్సిన కథ అదే.

కురుక్షేత్రం జరిగి 36వ ఏడు. ద్వారకలో అపశకునాలు కనిపిస్తున్నాయి. ఊళ్లో ఎవరూ మద్యం కాయకూడదని ఆహుకుడు, శ్రీకృష్ణుడు, బలరాముడు, బభ్రువుల పేరుతో చాటింపు వేయించారు. కాస్తే కుటుంబంతో సహా కొరత వేస్తామన్నారు. అంతకంటే కఠినమైన మద్యనిషేధం ఇంకేం ఉంటుంది? ఊరంతా భయపడి మానేసింది.

తరవాత అందరూ ప్రభాసతీర్థానికి బయలుదేరారు. సముద్రం ఒడ్డు, పుణ్యక్షేత్రం, కుటుంబాలు, బండ్ల నిండా తినుబండారాలు. మన భాషలో చెప్పాలంటే పండగ సెలవుల టూరు. ఊళ్లో మానేసిన మందు బండెక్కి కూడా వచ్చింది. బ్రాహ్మణుల కోసం వండిన అన్నంలో మద్యం కలిపి కోతులకి పెట్టారని వ్యాసుడు రాశాడు. వాళ్లకది వేళాకోళం.

తాగుతూ కూర్చున్నప్పుడు సాత్యకి కృతవర్మని ఎత్తిపొడిచాడు, నిద్రపోతున్నవాళ్లని చంపావు కదా అని. కృతవర్మ తిరిగి భూరిశ్రవుడి సంగతి ఎత్తాడు. అదంతా 36 ఏళ్ల నాటి పాత గొడవ. అన్నేళ్లూ ఒకే ఊళ్లో ఎదురుపడుతూ బతికినవాళ్లే. మత్తులో మాట పెరిగింది, సాత్యకి కృతవర్మ తల నరికాడు. మిగతావాళ్లు ఎంగిలి పాత్రలతోనే సాత్యకి మీద పడ్డారు. ఆపడానికి వెళ్లిన ప్రద్యుమ్నుడూ పోయాడు. ఒడ్డున పెరిగిన తుంగపోచ పీకితే రోకలైంది. తండ్రికి కొడుకు తెలియలేదు, కొడుక్కి తండ్రి తెలియలేదు.

మునుల శాపం ఉంది, గాంధారి శాపం ఉంది, కాదనను. కానీ ఆ శాపం ఏ దారిన లోపలికి వచ్చిందో చూడండి. మందు, కోపం, ఎరుక లేకపోవడం. సాక్షాత్తూ భగవంతుడి బంధువులు, పుణ్యతీర్థంలో ఉండి కూడా ఇలా అయిపోయారు. "పొద్దున్నే దర్శనం చేసుకుంటాం కదా, దేవుడే చూసుకుంటాడులే" అనుకునేవాళ్లు ఈ కథ ఇంకోసారి చదవాలి.

చాటింపు చాలదు

మన రాష్ట్రంలోనూ చాటింపు పడింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మగారి పేరు ఊరూరా మోగింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, తమ ఇళ్లు ఎందుకిలా అయ్యాయో మాట్లాడుకున్న తల్లులు వాళ్లంతా. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు.

ఆ తల్లుల పోరాటం వృథా అని నేననను. తాగినవాడి కోపం ముందు ఎవరి మీద పడుతుందో దేశానికి చెప్పింది వాళ్లే. కానీ ద్వారక చాటింపు ప్రభాసంలో పని చేయలేదు. సర్కారు చాటింపు ఎక్కువ కాలం నిలవలేదు. అంటే చట్టం ఇంటి గుమ్మం దాకా వస్తుంది, చేతిలో ఉన్న గ్లాసు దాకా రాదు. అక్కడ పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ రాత్రి పెద్ద ఎవరు?

వసిష్ఠ మహర్షి నాలుగు దారులు చెప్పి ఊరుకోలేదు. ఆ వెంటనే ఇంకో మాట వస్తుంది. చిన్నవాడు తప్పులో పడ్డప్పుడు పెద్దవాడు కూడా ఆ తప్పుకి దగ్గరలోనే ఉంటాడు అనే భావం. దీనికి పండితులు రకరకాలుగా అర్థం చెబుతారు. నేను తీసుకున్న అర్థం ఇది: పక్కనే ఉండి, తెలిసి ఉండి, ఊరుకున్న పెద్దకి ఆ తప్పులో వాటా ఉంది. పంచమహాపాతకాల్లో అయిదోది ఏమిటో తెలుసా? మొదటి నాలుగూ చేసినవాళ్లతో కలిసి ఉండటం. అంటే పక్కనున్నవాణ్ణి శాస్త్రం వదిలిపెట్టలేదు.

ఇవాళ్టి చట్టమూ వదిలిపెట్టలేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి మద్యం ఉండగా బండి నడిపితే, మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇది చాలామందికి తెలుసు. 188వ సెక్షన్ తెలియదు. తాగి నడపడానికి తోడ్పడినవాడికీ, ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష అంటుంది అది. "ఏం కాదు బావా, నువ్వు నడపగలవ్" అని తాళాలు చేతిలో పెట్టడం చిన్న విషయం కాదన్నమాట.

మరి నలుగురూ ఒకే వయసు ఫ్రెండ్స్ అయితే పెద్ద ఎవరు? నా దృష్టిలో జవాబు ఒక్కటే. ఆ క్షణంలో ఎరుక ఉన్నవాడే పెద్ద. అబ్బాయైనా అమ్మాయైనా, గ్రూపులో అందరికంటే చిన్నయినా సరే, ఆ రాత్రికి పెద్దరికం వాళ్లదే. పెద్దరికం అంటే క్లాసు పీకడం కాదు, ఆ రాత్రి నాలుగు పనులు చేయడం.

మొదటిది తాళాలు. చీకటి పడకముందే, ఎవరూ ఇంకా ముట్టకముందే కారు తాళాలు, బైక్ తాళాలు తీసుకోండి. తాగినవాడి దగ్గర అడిగి తీసుకోవడం కష్టం, తాగకముందు తీసుకోవడం సులువు. "రెండు గంటలైంది, కాఫీ తాగాను, మజ్జిగ తాగాను, తలస్నానం చేశాను, దిగిపోయింది" అంటారు. దిగదు. మజ్జిగకీ నిమ్మరసానికీ మత్తు దింపే శక్తి లేదు. ఒక్క పెగ్గు కరగడానికే లివరుకి గంట, ఆపైన పడుతుంది. నాలుగు తాగినవాడికి తెల్లవారినా మత్తు ఉండొచ్చు. కాబట్టి పొద్దున్న అంతర్వేది వెళ్లేటప్పుడు కూడా కారు ఎవరు నడుపుతున్నారో చూసుకోండి.

రెండోది నీళ్లు. తాగినవాళ్లని రేవులోకి దిగనివ్వకండి, రాత్రి బోటు అంచున కూర్చోనివ్వకండి. దిండి దగ్గర వసిష్ఠ పైకి నిదానంగా కనిపిస్తుంది. కానీ సముద్రం దగ్గర కాబట్టి పోటూ పాటూ ఉంటాయి. పాటు సమయంలో నీరు లాగేస్తుంది. మత్తులో ఒంటికి వెచ్చగా అనిపిస్తుంది కానీ నిజానికి శరీరం వేడి కోల్పోతుంది. జనవరి నీళ్లలో ఈత వచ్చినవాడికైనా చేతులు ఆడవు. బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ తీయవద్దు, ఫోటో కోసం కూడా వద్దు.

మూడోది పడిపోయినవాడు. "వదిలెయ్ రా, పడుకుంటే సర్దుకుంటుంది" అని గదిలో ఒంటరిగా వదిలి వచ్చేస్తారు. అలా వదలకండి. వెల్లకిలా కాకుండా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా ఊపిరికి అడ్డం పడకుండా ఉంటుంది. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మజ్జిగ గాని, నీళ్లు గాని పోయకండి. బలవంతంగా వాంతి చేయించకండి. పిలిచినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా, ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. ఇంట్లో తెలిస్తే తిడతారని ఆలస్యం చేయకండి. తిట్లు రెండు రోజులుంటాయి, అంతే.

శుక్రాచార్యుల వారి కథ గుర్తుందా? రాక్షసులు కచుణ్ణి కాల్చి ఆ బూడిద సురలో కలిపి ఇస్తే, లోపల ఏముందో చూసుకోకుండా గురువే తాగేశాడు. ఆయనకి మృతసంజీవని తెలుసు కాబట్టి కచుడూ బతికాడు, ఆయనా బతికాడు. అప్పుడు ఆయనే సురాపానానికి కట్టుబాటు పెట్టాడు. మన దగ్గర సంజీవని లేదు. మనకున్నదల్లా 108, పక్కన మేలుకుని ఉన్న ఒక స్నేహితుడు.

నాలుగోది మాట. తాగనివాణ్ణి "ఒక్కటే రా, నా మీద ఒట్టు" అని ఎవరైనా బలవంతం చేస్తుంటే అక్కడే ఆపండి. ఒట్టు దేవుడి మీద పెట్టి గ్లాసు చేతికివ్వడం ఏ స్నేహం? పాత గొడవలు పైకి తీస్తుంటే మాట మార్చండి, లేదంటే ఒకర్ని తీసుకుని బయటకి నడవండి. ప్రభాసంలో ఆ ఒక్క పని చేయగలిగేంత ఎరుక ఉన్నవాళ్లు కరువయ్యారు. కోపం చేయి దాకా వస్తే, ముఖ్యంగా ఆడపిల్లలకి ఇబ్బందయ్యేలా ఉంటే, మొహమాటం పెట్టుకోకుండా 112కి ఫోన్ చేయండి.

దీక్ష దిగిన రాత్రి

అయ్యప్ప మాల వేసుకునే కుర్రాళ్లకి ఒక ప్రత్యేకమైన మాట. మకరజ్యోతి దాకా నిష్ఠగా ఉంటారు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చుక్క ముట్టరు. మాల తీశాక అదే వారంలో "ఇన్ని రోజుల బాకీ తీర్చేద్దాం" అని కూర్చుంటారు.

నాయనా, ఆ దీక్ష నీకు ఒక విషయం చూపించింది. 41 రోజులు నువ్వు మానగలవని. అంతకంటే పెద్ద ప్రసాదం శబరిమల నుంచి ఇంకేం తెచ్చుకుంటావు? 42వ రోజున దాన్ని పారబోసుకోకు. ఆరోగ్యం సంగతి కూడా చెబుతాను. ఇన్నాళ్లు అలవాటు తప్పిన శరీరం మునుపటి మోతాదుని తట్టుకోదు. పాత లెక్కలో తాగితే కొత్త ప్రమాదం.

ఇక రోజూ తాగే అలవాటున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, పండగ భోజనాల దగ్గర నలుగురిలో అవమానించకండి. అది జబ్బు. చాలా ఏళ్ల అలవాటుని ఒక్కసారిగా ఆపితే కొందరికి వణుకు, ఫిట్స్ కూడా వస్తాయి. కాబట్టి డాక్టరు సలహాతో మాన్పించాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 14446. దేవుడికి మొక్కుకోండి, ఫోన్ కూడా చేయండి. రెండూ కావాలి.

ఈసారి బయలుదేరే ముందు

దిండి వెళ్లవద్దని నేను చెప్పడం లేదు. తప్పకుండా వెళ్లండి. కనుమ రోజున అంబాజీపేట దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లండి. ఏకాదశ రుద్రులు ప్రభల మీద తరలి వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక నీళ్లలోంచి దాటిస్తుంటే చూడండి. ఒక్కడి అడుగు తడబడినా ప్రభ ఒరుగుతుంది. అంతమంది భుజాలూ ఒక్క మనసై నడుస్తాయి. ఆ కేకలు, ఆ ఆనందం చూశాక, ఉత్సాహం సీసాలోంచే రావాలని మీకెవరైనా చెబితే నవ్వొస్తుంది.

బయలుదేరే ముందు ఒక్క పని చేయండి. మనం పూజకి కూర్చుంటే సంకల్పం చెప్పుకుంటాం కదా. ఏ దేశంలో, ఏ నదీతీరంలో, ఏ తిథినాడు, ఎవరం, ఏం చేయబోతున్నాం అని. అలాగే మీ గ్రూపులో ఒకరు దేవుడి గదిలో దీపం ముందు నిలబడి, "వసిష్ఠ గోదావరి తీరంలో ఈ పండగ మూడు రోజులూ నేను చుక్క ముట్టను, వెళ్లిన అందరినీ క్షేమంగా ఇంటికి తీసుకొస్తాను" అని సంకల్పం చేసుకోండి. మిగతావాళ్లకి ఆ మాట ముందే చెప్పండి. ఒకరు చెబితే ఇంకొకరు "నేనూ తోడుంటాను" అంటారు. అలా అందరూ అనేస్తే ఇంకా సంతోషం, నేను మొదట అడిగింది అదే.

ఆ సంకల్పం చేసుకున్నవాళ్లకి అంతర్వేది స్వామి దగ్గర కోరుకోవడానికి వేరే కోరిక అక్కర్లేదు. ఎంతమంది వెళ్లారో అంతమందీ తిరిగి వచ్చారు, అది చాలు.

అందరికీ ముందుగా సంక్రాంతి శుభాకాంక్షలు. క్షేమంగా వెళ్లి లాభంగా రండి.

స్వస్తి.